కంప్యూటర్‌కి పెట్టిన గంధం

ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో నేను కాస్త తారుమారు చేయవచ్చు. పేర్లు ఇది నాకు చెప్పిన మా మరదలు ఒకసారి సరిచూడాలి. జరిగిన సంగతి మాత్రం ఇదే.

పెన్న ఒడ్డున వేదగిరి స్వామి ఆశ్రమంలో శశిభూషణ్ అనే శిష్యుడు ఉండేవాడు. పట్నంలో పన్నెండేళ్లు కంప్యూటర్ల ఉద్యోగం చేసి, విడిచిపెట్టి వచ్చినవాడు. స్వామి చెప్పే పాఠాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని అతని ఆధ్వర్యంలో నడిచేది. టైపు కొట్టేది పెంచలమ్మ. పదేళ్లు ఆశ్రమం వంటింట్లో గరిటె తిప్పి, యాభయ్యో ఏట ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ నేర్చుకున్న మనిషి. ఆ పని దొరికాక ఆవిడ నడకే మారిపోయింది.

ఆ ఏడు వానలకి పుస్తకాల గది కురిసింది. కంప్యూటర్‌ని పక్క గదిలోకి మార్చారు. పెట్టెను పెంచలమ్మ మోసుకొచ్చింది. కొత్త చోటు కదా అని శశిభూషణ్ గంధం కలిపి బొట్లు పెట్టి, హారతి ఇచ్చి, వైర్లన్నీ తగిలించాడు.

స్విచ్ వేస్తే తెర వెలిగింది. కీబోర్డు పలకలేదు. మౌసు కదలలేదు. ప్రింటరు ఉలకలేదు. ఆఫీసు గదిలోంచి ఇంకో కీబోర్డు తెచ్చి పెట్టాడు. అదీ అంతే. ఆపి వేశాడు, వేసి ఆపాడు. మధ్యాహ్నమైంది.

"దారిలో పడేశావు కదూ?" అన్నాడు పెంచలమ్మతో.

"లేదు సార్. చంటిబిడ్డని ఎత్తుకొచ్చినట్టు తెచ్చాను."

"బిడ్డయితే ఏడ్చి చెప్పేది. ఇది చెప్పలేదు, నువ్వూ చెప్పడం లేదు."

ఆవిడ తల వంచుకుంది. అతను నేరుగా స్వామి దగ్గరికి వెళ్లాడు.

"లోపల బోర్డు దెబ్బతిన్నట్టుంది స్వామీ. పెంచలమ్మని రేపటినుంచి మళ్లీ వంటింటికి పంపేయండి. ఇలాంటి వస్తువులు ఆమె చేతికి ఇవ్వకూడదు."

"వెనక వైపు చూశావా?"

"వైర్లు పెట్టింది నేనే స్వామీ. పన్నెండేళ్ల పని. కళ్లు మూసుకుని పెట్టగలను."

"అలాగే పెట్టినట్టున్నావు," అంటూ స్వామి లేచారు.

గదిలోకి వచ్చి కంప్యూటర్ ఆపించారు. ఎనభై దాటిన మనిషి, చాప పరిపించుకుని బల్ల కిందికి దూరారు.

"అయ్యో, మీరెందుకు స్వామీ!" అన్నాడు శశిభూషణ్.

కాసేపటికి స్వామి కీబోర్డు వైరు కొస పట్టుకుని బయటికి వచ్చారు. దాన్ని కిటికీ వెలుతురులో తిప్పి చూపించారు. కొస నిండా ఎండిపోయిన గంధం.

"దీని నోట్లో గంధం పెట్టిందెవరు?"

శశిభూషణ్ నోరు తెరవకముందే పెంచలమ్మ అంది: "కొత్త గదికి పూజ కదా స్వామీ. అందరం తలా ఒక బొట్టు పెట్టాం."

శశిభూషణ్ ఆవిడ వైపు చూశాడు. పూజ జరుగుతున్నంతసేపూ ఆవిడ హారతి పళ్లెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. ఉంగరపు వేలు ముంచి, వెనక ఉన్న ఒక్కొక్క రంధ్రానికీ, ఒక్కటీ వదలకుండా బొట్టు పెట్టినవాడు తనే. తడి ఆరకముందే వైర్లు గుచ్చినవాడూ తనే.

"అందరం కాదు స్వామీ," అన్నాడు. "నేనొక్కణ్ణే."

స్వామి గూట్లోంచి దేవుడి పటాలు దులిపే చిన్న కుంచె తీసి అతని చేతిలో పెట్టారు.

"అయితే తుడిచేదీ నువ్వే, నాయనా."

అతను బల్ల కింద పడుకుని ఒక్కొక్క రంధ్రాన్నీ, ఒక్కొక్క వైరు కొసనీ పొడి కుంచెతో గీకి దులిపాడు. గంట పట్టింది. లేచి, వైర్లు ఒక్కొక్కటే చూసి చూసి పెట్టాడు. స్విచ్ వేశాడు. కీబోర్డు మీద చెయ్యి వేయబోయి ఆగాడు. కుర్చీ వెనక్కి లాగాడు.

"పెంచలమ్మగారూ, మీరు కూర్చోండి."

ఆవిడ స్వామి వైపు ఒకసారి చూసి, కూర్చుని, మీట నొక్కింది. తెర మీద అక్షరం పడింది.

అతను కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు.