గిరిదుర్గం యంత్రకారుల సంఘం

గిరిదుర్గం రాజు రంగభూపతి ఒక ఉదయం కొలువులో కూర్చుంటూనే కొత్త ఆజ్ఞ జారీచేశాడు.

"ఇవాళ్టి నుంచి యంత్రకారుల సంఘం ముద్ర లేనివాళ్లెవరూ మన రాజ్యంలో యంత్రం మీద చెయ్యి వెయ్యకూడదు!"

ముందురోజు పొరుగు రాజు విందుకొచ్చి, తన రాజ్యంలో పాతిక సంఘాలున్నాయని గొప్పలు చెప్పి వెళ్లాడు. అదీ సంగతి.

ఆజ్ఞ విని అందరికంటే పొంగిపోయినవాడు సంఘం పెద్ద త్రివిక్రముడు. యంత్రవిశారద అని ఆయనకో బిరుదు. అది ఆయన తనకు తాను ఇచ్చుకున్నదే. ఆయన చేతికి యంత్రం తగిలి పదిహేనేళ్లయింది. సంఘం ఏడాదికి రెండు మహాసభలు జరిపేది. ఒకరి మెడలో ఒకరు దండలు వేసుకునేవారు, ఒకరినొకరు పొగుడుకునేవారు, ఆపైన విందు. కిందటేడు సోమన్న అనే పనివాడి చెయ్యి చక్రంలో పడి నలిగిపోతే "మిక్కిలి చింతిస్తున్నాం" అని తీర్మానం చేశారు. అదీ పాయసం తాగాక.

కోట ఉన్నది కొండమీద. కింద వాగు నుంచి నీళ్లు పైకి తోడే పెద్ద రాట్నాన్ని పద్దెనిమిదేళ్లుగా చూసుకుంటున్నది సింగమ్మ. ఆమె సంఘంలో లేదు.

ఎందుకు చేరలేదని కొలువులో విన్నపాలు చదివే అక్కిదాసు ఓసారి అడిగాడు.

"వెళ్లాను బాబూ. ఇరుసు ఊరికే అరిగిపోతోంది, ఏం చెయ్యాలో చెప్పండి అనడిగాను. దండ తెచ్చావా అన్నారు. వచ్చేశాను" అంది సింగమ్మ.

కొత్త ఆజ్ఞతో భటులు ఆమెను రాట్నం దగ్గర నుంచి పంపేశారు. ఐదో రోజున రాట్నం కీచుమని అరిచి ఆగిపోయింది. కోటలో నీళ్లు అడుగంటాయి. ఏనుగులు ఘీంకరిస్తున్నాయి. రాణీవాసంలో స్నానాలు లేవు.

సంఘం సభ్యులు ఇరవై ఒక్కమందీ తరలివచ్చారు. త్రివిక్రముడు రాట్నానికి వీపు తిప్పి నిలబడి, యంత్రాల పుట్టుక గురించి పొద్దువాలేదాకా ఉపన్యసించాడు. ఒక సభ్యుడు మాత్రం, ఇది ఎటువైపు తిరుగుతుందండీ అని పక్కవాణ్ణి మెల్లిగా అడిగాడు. పక్కవాడికీ తెలియదు.

మర్నాడు రాజు మండిపడ్డాడు.

"ఏమయ్యా విశారదా! గొంతు తడుపుకోవడానికి నీళ్లు లేవు. నీ సంఘం ఏం చేస్తోంది?"

"ప్రభూ, ముద్రలేని చేతులు తాకిన పాపం ఇది. ఆ సింగమ్మ అక్కసుతో యంత్రాన్ని పాడుచేసి పోయింది. దేశం నుంచి వెళ్లగొట్టండి" అన్నాడు త్రివిక్రముడు.

సింగమ్మను పిలిపించారు. ఆమె మొహం పాలిపోయింది.

"నా పిల్లల కంటే ఎక్కువగా చూసుకున్నాను దాన్ని. నేను పాడుచేస్తానా ప్రభూ?" అంది.

రాజు నోరు తెరిచేలోపే అక్కిదాసు లేచాడు.

"ప్రభూ, ఒక్కరోజు ఆగండి. తిరిగే యంత్రాల దగ్గర తొమ్మిదేళ్లు పనిచేసినవాడు ఒకడు కోటలోనే ఉన్నాడు. పేరు బసవయ్య. ఇవాళే సంఘంలో చేర్పించి రేపు తీసుకొస్తాను."

రాజు ఒప్పుకున్నాడు. అక్కిదాసు అప్పటికప్పుడు దరఖాస్తు రాసి, దానిమీద పట్టుశాలువా ఒకటి పెట్టి సంఘానికి పంపాడు. ఆ సాయంత్రానికే ముద్ర వేసిన యోగ్యతాపత్రం వచ్చింది.

మర్నాడు కొలువు కిటకిటలాడుతోంది. అక్కిదాసు త్రివిక్రముడివైపు తిరిగాడు.

"విశారదగారూ, పరీక్షించకుండా మీరు ఎవరికైనా ముద్ర వేస్తారా?"

"ఎంతమాట! స్వయంగా పరీక్షించందే వెయ్యను."

"బసవయ్యగారిని కూడా పరీక్షించారా?"

"గంటసేపు చర్చించాను. మహా పనిమంతుడు."

"ఏం మాట్లాడారేమిటి?"

"మితభాషి. నేను చెప్పిన ప్రతిమాటకూ తల ఊపారు" అన్నాడు త్రివిక్రముడు దర్జాగా.

అక్కిదాసు చెయ్యి ఎత్తాడు. గంటల చప్పుడు వినిపించింది. కోట గానుగ తిప్పే ముసలి ఎద్దు, కొమ్ముకు యోగ్యతాపత్రం కట్టించుకుని, నెమరువేస్తూ తాపీగా లోపలికి నడిచొచ్చింది.

"ఇదేమిటి అక్కిదాసూ!" అన్నాడు రాజు.

"సంఘ సభ్యులు ప్రభూ. కాకపోతే మిగతా సభ్యులకూ వీరికీ ఒక్కటే తేడా. వీరు రోజూ యంత్రం దగ్గరికి వెళ్తారు!"

ముందు రాణి నవ్వింది. తర్వాత సేనాపతి. ఆ వెనక కొలువంతా పగలబడి నవ్వింది. సంఘం సభ్యులు ఒక్కొక్కరే తలుపుదారి పట్టారు.

రాజు కళ్లు తుడుచుకుంటూ ఆజ్ఞ రద్దుచేశాడు. సింగమ్మ వెళ్లి ఇరుసు విప్పి, కందెన వేసి, జాము తిరక్కుండానే రాట్నం తిప్పింది. నీళ్లు గలగలా పైకొచ్చాయి.

"నీకేం కావాలో అడుగు సింగమ్మా" అన్నాడు రాజు.

"మా పనివాళ్లకు కూర్చోవడానికి ఒక చోటు ఇప్పించండి ప్రభూ. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పుకుంటాం. సోమన్నలాంటివాడికి దెబ్బ తగిలితే ఇంటిదాకా వెళ్లి ఆదుకుంటాం. సంఘమంటే అదే అనుకున్నాను నేను."

రాజు సంఘభవనం తాళంచెవులు ఆమె చేతిలో పెట్టించాడు. తన మెడలోని ముత్యాలహారం తీసి అక్కిదాసు మెడలో వేశాడు.

అక్కడే మిగిలిపోయిన త్రివిక్రముడు గొంతు సవరించుకున్నాడు.

"ప్రభూ, మరి నా పదవి?"

రాజు ఎద్దువంక చూశాడు.

"బసవయ్యగారు ఇవాళ కొలువులో ఉన్నారుగా. గానుగ దగ్గర చోటు ఖాళీ!"