మర్చిపోయిన చిప్ప

దిబ్బలపేట వాళ్ళకి తమ బడంటే మహా గొప్ప. జిల్లాలో ఉన్న తెలివంతా ఇద్దరు పంతుళ్ళకి పంచి తమ ఊరికే పంపారని వాళ్ళ నమ్మకం. ఆ పంతుళ్ళు హెడ్మాస్టరు అప్పలస్వామి, సైన్సు మాస్టరు గౌరునాయుడు. వాళ్ళ నమ్మకమూ అదే.

ఒకనాడు తనిఖీకి ఆఫీసరుగారు వచ్చారు.

"వల్లె వేయించడం కాదు మాస్టారూ, పిల్లల చేతే చేయించండి. వచ్చిందో లేదో మధ్యమధ్యలో చూసుకుంటూ ఉండండి. సోమవారం మళ్ళీ వస్తాను. ఒక్క గింజైనా మొలిపించి చూపించకపోతే ఈ బడిని ఏరవతల బడిలో కలిపేస్తారు," అన్నారు.

ఇంకేముంది, పిల్లలు కొబ్బరి చిప్పల్లో మట్టి పోసి చిక్కుడు గింజలు పాతారు. గంట కొట్టగానే గౌరునాయుడు లేచి, "మధ్యలో చూడమన్నారర్రా, తవ్వండి," అన్నాడు. తవ్వారు. రాలేదు. మళ్ళీ పాతారు. మళ్ళీ గంట కొట్టారు, మళ్ళీ తవ్వారు.

మర్నాడు ఒక గింజ కాస్త ఉబ్బింది.

"ఇది చురుకైంది. మొద్దుగింజల మధ్య కూర్చోబెట్టండి, చూసి నేర్చుకుంటాయి," అన్నాడు హెడ్మాస్టరు. అంతే, అన్నిటినీ ఒకే చిప్పలో కుక్కారు. అప్పటికీ రాకపోతే గౌరునాయుడు బల్లెక్కి ముడుచుకు కూర్చుని, మెల్లగా లేచి, చేతులు ఆకుల్లా విప్పి చూపించాడు. గింజలు కదల్లేదు. బల్ల విరిగింది.

ఆదివారానికి గింజలన్నీ కుళ్ళిపోయాయి. అప్పలస్వామికి ఏడుపొక్కటే తక్కువ. వానాకాలంలో ఈ చిన్నపిల్లలు ఏరెలా దాటుతారు?

సోమవారం ఆఫీసరుగారు వచ్చి, మంచినీళ్ళ కుండ వెనక్కి చూసి, "అదేమిటి?" అన్నారు. అక్కడో చిప్పలో రెండాకుల మొక్క నిలబడి ఉంది.

"అది లెక్కలోది కాదండీ," అన్నాడు గౌరునాయుడు సిగ్గుపడుతూ. "అక్కడ పెట్టి మర్చిపోయాం. ఎవరూ తవ్వలేదు."

ఆఫీసరుగారికి నవ్వాగలేదు. "తవ్వలేదు కనకే మొలిచింది. నేను చూడమన్నది పిల్లల్ని మాస్టారూ, గింజల్ని కాదు. అయినా పిల్లలూ గింజల్లాంటివాళ్ళే. నీళ్ళు పోసి ఓపికపట్టాలి. సరే, మీ బడికి ఢోకా లేదు లెండి."

ఊరంతా పండగ చేసుకుంది. నెల తిరిగాక ఆయన మళ్ళీ వచ్చేసరికి బడి తలుపులు మూసి ఉన్నాయి. పంతుళ్ళిద్దరూ తలుపుకి వీపు పెట్టి అరుగు మీద కూర్చున్నారు.

"పిల్లలేరీ?" అని అడిగారాయన.

"మెల్లగా మాట్లాడండి బాబూ," అన్నాడు అప్పలస్వామి. "పొద్దున్నే మోకాళ్ళదాకా మట్టి కప్పి, తలా చెంబెడు నీళ్ళు పోసి వచ్చాం. మొలిచేదాకా మేం చూడం, మిమ్మల్నీ చూడనివ్వం."