రాగులపేట ఎదురుచూపులమ్మ

అనంతపురం జిల్లా పడమటి అంచున, రాగులపేట బస్టాండులో దిగి మైలు దూరం నడిస్తే నక్కలగుట్ట వస్తుంది. గుట్ట మొదట్లో, ఎండాకాలంలో ఎండిపోయే ఒక వంక పక్కన, నాలుగు రాతి స్తంభాల మండపం ఉంది. దాని కింద మోకాలెత్తు బండ. ఆ బండే ఎదురుచూపులమ్మ. విగ్రహం లేదు, కళ్ళు లేవు, వెండి తొడుగు లేదు. కొత్తగా వచ్చినవారు అమ్మవారు ఎక్కడని అటూ ఇటూ వెతుక్కుంటారు. బండ నడుమ, ఒక మనిషి కూర్చుంటే సరిపోయేంత పల్లం ఉంది. పసుపు ఆ పల్లంలోనే పూస్తారు.

ఈ గుడికి పూజారి లేడు. పేటలోని కొట్లలో పనిచేసే ఆడవాళ్ళు వారానికొకరు చొప్పున గుడి చూసుకుంటారు. ప్రసాదం కూడా ఎవరూ చేతిలో పెట్టరు. బొరుగుల బుట్ట, పక్కన ఒక చెక్క సోల ఉంటాయి. వచ్చినవారు ఎవరికి వారే కొలుచుకోవాలి. ఒకరు కొలుచుకుంటుంటే రెండోవారు బుట్టమీదికి వంగకూడదు. వంగితే, ఆ వారం గుడి చూసే ఆమె ఎవరైనా సరే, "జరుగు నాయనా, నీ వాటా ఎవరూ ఎత్తుకపోరు" అని మందలిస్తుంది. ఎమ్మెల్యే వచ్చినా ఇదే మాట.

పూర్వం ఇక్కడ, ఈ వైపుకు ఇంకా రైలు రానప్పుడు, చుట్టుపక్కల పల్లెలన్నిటికీ కలిపి ఒకటే దినుసుల కొట్టు ఉండేది. యజమాని గోవిందప్ప. కొట్లో సరుకు కొలిచి ఇచ్చే పని ఇద్దరు ఆడవాళ్ళది. పెద్దామె దస్తగిరమ్మ, ముప్ఫై ఏళ్ళుగా ఉప్పు, పప్పు, నూనె కొలిచిన మనిషి. రెండో ఆమె హనుమక్క. పెనిమిటి పోయాక, కూతురిని చంకన వేసుకుని పనికి వచ్చింది. పిల్ల పేరు గంగి. అప్పటికి రెండేళ్ళు దాటినా తల్లి పాలు మానలేదు. గోనె సంచుల మధ్య ఆడుకుంటూ, కింద పడిన కందిబేడలు ఏరి నోట్లో వేసుకుంటూ పెరుగుతోంది.

ఆ ఏడు చలికాలంలో ఊపిరి జ్వరం వచ్చింది. దగ్గే మనిషి ఎదుట నిలబడినవాడు నాలుగు రోజుల్లో మంచం పట్టేవాడు. పెద్దలు అందరినీ ఊరు విడిచి చేలల్లో గుడిసెలు వేసుకోమన్నారు. గుడిసెకూ గుడిసెకూ నడుమ కేక వేస్తే వినపడేంత దూరం ఉండాలన్నారు. అన్నదమ్ములు ఒకరి గడప ఒకరు తొక్కడం మానేశారు. పెళ్ళిళ్ళు ఆగాయి. శవం వెంట నలుగురు నడవడం కూడా కష్టమైంది. అయితే ఉప్పు లేకుండా ఎవరికీ గడవదు. ప్రతి గుడిసె నుంచి ఒక మనిషి కొట్టుకు రావలసిందే. అలా ఊరంతా ఒకరికొకరు దూరమై, అందరూ కలిసి ఆ ఇద్దరు ఆడవాళ్ళకు దగ్గరయ్యారు.

గోవిందప్ప తోటలోని ఇంటికి మారిపోయాడు. వారం తర్వాత బండిమీద వచ్చి, కిందికి దిగకుండా, ముక్కుకు పైపంచె అడ్డం పెట్టుకుని, తనకు కల వచ్చిందని చెప్పాడు.

"ఏమ్మే హనుమక్కా, అమ్మవారు కలలో కనపడింది. కొట్టు మూయద్దు, మూస్తే ఊరికి అరిష్టం అనింది."

"మాకు కనపడలేదప్పా. సంచులు మోసి మోసి ఒళ్ళు నొప్పులతో పండుకునేవాళ్ళకు నిద్రేది, కలేది? ఈసారి వస్తే, కొట్లో కూచునేదెవరో గూడా అడుగు."

బండి వెళ్ళిపోయింది. కొట్టు తెరిచే ఉంది.

జబ్బు రోగుల ఇళ్ళలోనే ఉంటుందని అందరూ నమ్మారు. ఆ ఇళ్ళ ముందు వేపాకు పొగ వేశారు, ఆ దారిన నడవడం మానారు. కానీ కొట్టుకు వచ్చినప్పుడు మాత్రం, సోల నిండిందో లేదో చూడడానికి ప్రతి మనిషీ కొలతమీదికి వంగేవాడు. అది పేటలో తాతలనాటి అలవాటు. కొలిచే చేతిని నమ్మడం తెలివితక్కువతనం కింద జమ. రోజంతా ముఖం వెంట ముఖం ఆ సోలమీదికి, ఆ ఇద్దరి ముఖాలమీదికి వంగింది. జ్వరానికి దారి వెతుక్కోవలసిన పని లేకపోయింది.

హనుమక్క కూతురిని తన దగ్గర ఉంచుకోలేదు. నక్కలగుట్ట మొదట్లో గుడిసె వేసుకున్న తన తల్లి తిమ్మక్క దగ్గర వదిలింది. తాను కొట్టు వెనక సంచుల గదిలో పడుకునేది. రోజూ పొద్దు వాలే వేళకు వంక దాకా వెళ్ళేది. అవతలి గట్టున తిమ్మక్క పిల్లను తెచ్చి నిలబెట్టేది. పిల్ల రెండు చేతులూ చాచి ఏడ్చేది.

"రావద్దు బంగారూ, జరం అంటుకుంటాది," అని హనుమక్క ఇవతలి గట్టు నుంచి చెప్పేది. చెయ్యి ఊపేది. పాలు చేపి రవిక తడిసేది. కొంగు కప్పుకుని తిరిగి వచ్చేది.

నెల దాటేసరికి పిల్ల ఏడుపు తగ్గింది. రెండో నెలలో తానూ చెయ్యి ఊపడం నేర్చుకుంది. ఆ తర్వాత, ఊపి, వెంటనే తిరిగి ఆటకు పోయేది. పిల్ల ఏడ్చినన్నాళ్ళూ హనుమక్క కళ్ళు తడి కాలేదు. పిల్ల ఏడుపు మానిన రోజున ఆమె వంక గట్టున కూలబడి ఏడ్చింది. రవిక తడవడం కూడా అప్పటికే ఆగిపోయింది.

అంత జ్వరంలోనూ ఆ ఇద్దరికీ ఏమీ కాకపోవడం చూసి, పెద్దలు కొత్త మాట పుట్టించారు. వాళ్ళలో అమ్మవారు కొలువుందని, జబ్బు వాళ్ళను తాకదని అన్నారు. సాయంత్రాలు గుడిసెల ముందు నిలబడి పళ్ళాలు వాయించారు. పసుపు కుంకుమలతో రెండు చీరలు పంపారు. హనుమక్క చీర ముట్టలేదు. తమ పని అందుకోవడానికి మరో ఇద్దరు మనుషులను ఇవ్వమని, తాను కొన్నాళ్ళు ఒంటరిగా ఉండి, జ్వరం లేదని తేలాక, బిడ్డను చూసుకుని వస్తానని అడిగింది. పెద్దలు కూర్చుని ఆలోచించి, "అమ్మవారికి సెలవేమిటి?" అని తేల్చారు. మనిషయితే విశ్రాంతి అడుగుతుంది. దేవతకు దూరం నుంచి ఒక దండం చాలు. ఈ సౌకర్యం రాగులపేట పెద్దలకు బాగా తెలుసు.

మూడో నెలలో దస్తగిరమ్మ దగ్గింది. హనుమక్క కషాయం కాచి ఇస్తే, ఆమె పగిలిన పెదవులతో నవ్వింది.

"నాలో అమ్మవారుందంట గదమ్మే. మందు తాగినానని తెలిస్తే ఆమె పరువు పోతాదేమో."

ఐదో రోజున పోయింది. ఆమె నిష్ఠ తప్పిందని, అమ్మవారు ఆమెను వదిలి వెళ్ళిందని పెద్దలు అన్నారు. ఆ మర్నాడే, సోల పట్టుకోవడానికి ఎవరైనా ఉంటే చూడమని గోవిందప్ప కబురు పంపాడు.

హనుమక్క కొట్టు మూసింది. గడపకు పది అడుగుల ఎడంగా సున్నంతో గీత గీసి, గీత లోపల కూర్చుంది. సంచులు పట్టుకుని వచ్చినవారు గీత బయట గుమికూడారు.

"ఉప్పు లేక చావమంటావా ఏంది?" అన్నాడు ఓబన్న అనే ముసలి రైతు.

"ఉప్పు కొలిచి దస్తగిరమ్మ చచ్చిపాయ గద మామా. ఇంకమీద ఎవరూ గీత దాటద్దండి. నేనీడ కొలిచి, ఆడ పెట్టి వెనక్కి జరుగుతా."

"అంత దూరం నుంచి నాకేం కనపడతాది? సోల నిండిందో లేదో ఎట్ల తెలిసేది?"

"అయితే సంచి గీతకాడ పెడతా, నువ్వే కొలుచుకో. ఇన్నేండ్లు నువ్వు నన్ను కనిపెట్టి చూసినావు. ఇంక నేను నిన్ను చూస్తా."

గీత బయట ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ఆ నవ్విన వారిలో నుంచే ఆరుగురు ముందుకు వచ్చారు. వారానికొకరు కొట్లో కూర్చుంటామని, దిగిపోయిన మనిషి మూడు వారాలు విడిగా ఉండి ఆ తర్వాతే బిడ్డల దగ్గరికి పోవాలని ఒప్పందం చేసుకున్నారు. గోవిందప్పకు కొనేవాడి చేతిలో సోల ఉండడం మింగుడు పడలేదు. కానీ మూసిన కొట్టు అంతకన్నా మింగుడు పడలేదు. ఆ తర్వాత కొట్లో కూర్చున్న ఏ ఆడమనిషికీ జ్వరం రాలేదని పేటలో చెప్పుకుంటారు.

హనుమక్క తాళంచెవి అప్పగించి, వంక ఇవతల ఒంటరిగా ఇరవై ఒక్క రోజులు గడిపింది. దగ్గు లేదు, జ్వరం లేదు. ఇరవై రెండో రోజు పొద్దున్నే తలస్నానం చేసి వంక దాటింది.

గంగి గుడిసె ముందు ఆడుకుంటోంది. తల్లిని చూసి లేచింది. రెండడుగులు ముందుకు వేసి ఆగింది. హనుమక్క దగ్గరికి వస్తున్నకొద్దీ వెనక్కి వెనక్కి పరుగెత్తి, ఇద్దరి నడుమ ఒక వంక వెడల్పు దూరం కాగానే నిలబడి చెయ్యి ఊపింది.

"రావద్దు. జరం అంటుకుంటాది," అంది.

పిల్ల తల్లిని మరచిపోలేదు. అమ్మ అంటే దూరాన నిలబడే మనిషి అని నేర్చుకుంది. నేర్పింది తల్లే.

తిమ్మక్క పిల్లను ఎత్తుకురావడానికి పరుగెత్తబోతే హనుమక్క ఆపింది.

"తేవద్దమ్మా. నేను చెప్పిందే గదా అది చేస్తాంది."

"నీ కడుపున పుట్టిందే! ఎత్తుకుంటే ఏమైతాది?"

"ఏడుస్తాది. ఏడిపించి దూరం చేసినా. దగ్గరికి తీసుకునేది గూడా ఏడిపించేనా? దాని అంతట అదే రానీ."

అక్కడే ఉన్న బండమీద కూర్చుంది. చెయ్యి చాస్తే పిల్ల వెనక్కి పోతోందని మొదటి రోజే తెలిసింది. అందుకని చేతులు రెండూ ఒడిలో పెట్టుకుంది. మునుల తపస్సుకు అప్సరసలు అడ్డం వస్తారంటారు. హనుమక్క తపస్సుకు ఆమె చేతులే అడ్డం వచ్చాయి. బిడ్డ పాదం ఎండలో కాలితే అవి లేచేవి, బిడ్డ ముక్కు కారితే లేచేవి. మళ్ళీ ఒడిలోకి దింపుకునేది. ఒకరోజు గంగి పది అడుగుల దూరం దాకా వచ్చి గులకరాయి విసిరి పారిపోయింది. మరొక రోజు తల్లి నీడను కాలితో తొక్కి చూసింది. తల్లి కదలలేదు.

అలా తొమ్మిది రోజులని కొందరు, నెల అని కొందరు చెబుతారు. ఒక మధ్యాహ్నం గంగి వెనక నుంచి వచ్చి తల్లి వీపుకు చెంప ఆనించింది. కాసేపటికి ముందుకు వచ్చి, ఒడిలోని చేతులను తానే పక్కకు జరిపి, ఆ చోట కూర్చుని నిద్రపోయింది. పిల్ల లేచేదాకా హనుమక్క కాలు కూడా కదపలేదు. ఆ బరువుకు బండ మెత్తబడి పల్లమైంది.

హనుమక్క బతికి ఉన్నప్పుడే ఆడవాళ్ళు ఆ బండకు పసుపు తెచ్చారు. "నాకు పూజలు చేయద్దండి, నేనింకా బతికే ఉండా. కొట్లో కూచున్న పిల్లకు ఇంత గంజి తీసుకపోండి," అని తరిమేది. ఆమె పోయాక, పేట పెద్దలు ఎనిమిది చేతుల విగ్రహం చెక్కిస్తామన్నారు. అప్పటికి పెద్దదైన గంగికి కలలో తల్లి కనిపించి, "నాకు చేతులు పెట్టనీయద్దు. కూచునే చోటు ఉండనీ," అంది. గంగి కొట్టు ఆడవాళ్ళనందరినీ వెంటబెట్టుకుని వెళ్ళి శిల్పిని వెనక్కి పంపింది. ఈ స్థలానికి సంబంధించి నమ్మదగిన కల ఇదొక్కటే.

ఏటా వైశాఖంలో మొదటి ఆదివారం ఇక్కడ ఒడి పండుగ జరుగుతుంది. బట్టల షాపుల్లో నిలబడి పనిచేసేవారు, సూపర్ మార్కెట్ బిల్లు కౌంటర్లలో కూర్చునేవారు, ఆసుపత్రులు ఊడ్చేవారు, కండక్టర్లు ఆ రోజు సెలవు పెట్టి వస్తారు. తల్లులు బండ చుట్టూ కూర్చుంటారు. పిల్లలను వంక అవతలి గట్టున వదులుతారు. గంట కొట్టరు. పేరు పెట్టి పిలవకూడదు. మిఠాయి చూపకూడదు. చేతులు చాచకూడదు. చివరి బిడ్డ తల్లి ఒడికి చేరేదాకా, మొగవాళ్ళతో సహా ఎవరికీ విస్తరి వేయరు.

ఇక్కడ మొక్కితే జబ్బు రాదని ఈ గుడివారు ఎవరికీ మాట ఇవ్వరు. గీత గీయనిచోట అమ్మవారి వల్ల కూడా ఏమీ కాదు. దూరమైన బిడ్డ దగ్గరవుతుందని, దగ్గరయ్యేదాకా కూర్చునే ఓపిక తల్లికి వస్తుందని మాత్రం చెబుతారు.

కరోనా తగ్గాక జరిగిన మొదటి పండుగకు, మందుల షాపులో పనిచేసే లావణ్య అనే అమ్మాయి వచ్చింది. ఆ రెండేళ్ళూ ఆమె కొడుకు ఆడబిడ్డ ఇంట్లో పెరిగాడు. వీడియో కాల్‌లో తప్ప తల్లిని సరిగ్గా చూసింది లేదు. పిల్లలందరూ పన్నెండు గంటలకే ఒడులకు చేరారు. వాడు మాత్రం అవతలి గట్టున, మూతికి మాస్కుతో నిలబడి ఉన్నాడు. రెండయింది, మూడయింది. వండిన అన్నం చల్లారింది. వందల మందిలో ఒక్కరూ విస్తరి అడగలేదు, ఒక్కరూ వాడిని పిలవలేదు. లావణ్య రెండు చేతులనూ తన కాళ్ళ కింద పెట్టుకుని వాటిమీద కూర్చుంది.

పొద్దు వాలే వేళకు వాడు మాస్కు తీసి జేబులో పెట్టుకుని, వంకలోకి దిగాడు.