అతకని పడుగు

2011 జులై 14, గురువారం. పొద్దుటి నుంచీ చీరాలలో తుంపర, పడమటి గాలి. నూలు ముట్టుకుంటే చెమ్మ. చేనేత సంఘంలో డిజైన్లు గీసే శేషాచలం ఆ రోజే రిటైరయ్యాడు. పనిమంతుడే, కాని నిలకడ లేనివాడు. ఆఖరి ముద్ద నోట్లో ఉండగానే చెయ్యి కడుక్కునేవాడు. ఇలాంటివాణ్ణి మా రోజుల్లో కాలుకాలిన పిల్లి అనేవాళ్ళం. పిల్లికైనా కాసేపటికి కాలు చల్లారుతుంది.

ఆయన పన్నెండేళ్ళు వాడిన కంప్యూటర్‌ని సంఘం ఆయనకే ఇచ్చేసింది. ఆయన తండ్రి గీసిన అరవై చీర అంచులు అందులోనే ఉన్నాయి. ఆయన గీసిన గళ్ళ కాగితాలు ఏనాడో చెదలపాలయ్యాయి.

దాన్ని ఎత్తుకుని బయల్దేరబోతుంటే, సంఘంలో కంప్యూటర్లు చూసుకునే మస్తాన్‌బీ ఆపింది. "మాస్టారూ, మీ పాస్‌వర్డు ఆఫీసు సర్వర్‌ది. ముందు ఇంటికోసం కొత్త ఖాతా పెడదాం. అది తెరుచుకుంటుందో లేదో చూసి, అంచులు పెన్‌డ్రైవులోకి ఎక్కిద్దాం. ఆఫీసు నుంచి విడదీయడం ఆఖర్న. గంట పని."

"రిటైరైనా గంట కూర్చోవాలా అమ్మాయ్? బయట ఆటో ఆగింది. నేను చేసుకోలేనా?"

ఇంట్లో భార్య ధనమ్మ మగ్గం దగ్గర కూర్చుని, అచ్చు పళ్ళలోంచి వచ్చిన పాత పడుగు కొసలకు కొత్త పడుగు నిలువు పోగులు ఒక్కొక్కటే అతుకుతోంది.

"ఇంకా ఎంతసేపు?" అన్నాడు శేషాచలం, కంప్యూటర్ తీగలు తగిలిస్తూ.

"వేల పోగులయ్యా. ఒక్కటి వదిలినా చీర నన్ను తిడుతుంది."

కంప్యూటర్ తెరుచుకుంది కాని, ఆఫీసు సర్వర్ దొరకడం లేదని మాటిమాటికీ చెప్పసాగింది. చెవి దగ్గర దోమలా ఉంది ఆయనకు. ఆఖర్న చేయాల్సిన పని, ఆఫీసు నుంచి విడదీయడం, ముందే చేసేశాడు. మళ్ళీ మొదలయ్యాక కంప్యూటర్ ఖాతా పేరూ పాస్‌వర్డూ అడిగింది. పాత పేరు చెల్లలేదు. కొత్త పేరు పెట్టనే లేదు. గుమ్మం దాకా వెళ్ళాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. చివరికి ఫోన్ చేశాడు.

"ఇంకేం ముట్టుకోకండి మాస్టారూ. అంచులు లోపలే ఉన్నాయి. రేపు పొద్దున్నే వచ్చి తీస్తాను," అంది మస్తాన్‌బీ.

"రేపా!"

కంప్యూటర్‌తో ఇచ్చిన పాత సీడీ ఒకటి, అంతా మొదట్నుంచీ కొత్తగా ఎక్కించేది, సంచిలో దొరికింది. పెట్టాడు. అడిగిన ప్రతిదానికీ చదవకుండానే సరే అన్నాడు. దీపాల వేళకు కంప్యూటర్ తెరుచుకుంది, కడిగిన పలకలాగా.

మర్నాడు మస్తాన్‌బీ అంచుల కోసం మధ్యాహ్నం దాకా వెతికి తల అడ్డంగా ఊపింది.

ధనమ్మ లేచి వచ్చింది. "కొత్త పోగు ముడెయ్యకుండా పాత పడుగు కోసేస్తే అచ్చులో ఏం మిగులుతుందయ్యా? మీ నాన్న నీకు నేర్పిన మొదటి పాఠం అదే కదా!"

ఆ అంచుల్లో పదకొండు ధనమ్మ స్వయంగా నేసినవి. ఆమె గుర్తు చేసుకుని చెబుతుంటే, శేషాచలం ఏడు నెలలు కదలకుండా కూర్చుని మళ్ళీ గీశాడు. పుట్టాక ఆయన అలా కూర్చోవడం అదే మొదలు.

ఆయన పోయాక మగ్గమూ ఆ పదకొండు అంచులూ పెద్దకూతురికి వచ్చాయి. చిన్నకూతురు కంప్యూటర్ తీసుకుంది. ముత్తాత అంచులన్నీ నేద్దామని ఎదురుచూసిన మనవరాలికి, మిగిలిన నలభై తొమ్మిదిలో ఒక్కటీ దక్కలేదు.

కొత్త ముడి గట్టిగా పడిందని చూసుకున్నాకే పాత పోగు తెంచాలి.