నాలుగో ముద్ద

దుప్పటి గడ్డం దాకా లాక్కో. ఇటు తిరుగు, నా వైపు. ఊఁ కొడుతూ ఉండాలి మరి.

అనగనగా ఒక ఊళ్ళో, వానలు తగ్గి చలి ఇంకా ముదరని ఆశ్వయుజ మాసంలో, మంగతాయారు అని ఒక తల్లి ఉండేది. ఆవిడ మొగుడు వీరాస్వామి చీరలు నేసేవాడు. వాళ్ళకి ముగ్గురు పిల్లలు. పెద్దది వల్లి, ఎనిమిదేళ్ళది. దాని తర్వాత సూరి. ఆఖరుది తులసి, దానికి నాలుగో ఏడు నడుస్తోంది. ఇంటి వెనక కాలవ, కాలవ అవతల పొట్టకొచ్చిన వరి చేలు. పొద్దు వాలితే చాలు, ఆ చేల మీంచి మంచు లేచి నెమ్మదిగా పెరట్లోకి వచ్చేది.

ఒకరోజు వీరాస్వామి నేసిన చీరలు మూట కట్టుకుని సంతకి బయల్దేరాడు. నాలుగో రోజుకి వచ్చేస్తానని చెప్పి వెళ్ళాడు.

ఆ సాయంత్రం మంగతాయారు గుమ్మంలో నిలబడి, "రండర్రా, మంచు పడుతోంది!" అని కేకేసింది. పిల్లలు పరిగెత్తుకొచ్చి వంటింట్లో బుడ్డి దీపం ముందు కూర్చున్నారు. అప్పుడు ఆవిడ పెద్ద గిన్నెలో పప్పూ అన్నం కలిపి, ముద్దలు చేసి చేతుల్లో పెట్టసాగింది. వల్లి చేతిలో ఒక ముద్ద. సూరి చేతిలో ఒక ముద్ద. తులసి చేతిలో ఒక ముద్ద. ఆ తర్వాత ఇంకో చెయ్యి ముందుకొచ్చింది. చిన్న చెయ్యి. ఆవిడ ధ్యాస గిన్నె మీదే ఉంది, ఆ చేతిలోనూ ఒక ముద్ద పెట్టేసింది.

వేళ్ళకి తగిలిన చల్లదనానికి ఉలిక్కిపడి వత్తి పెంచి చూసింది. ముగ్గురే ఉన్నారు. ముగ్గురూ నములుతున్నారు. నాలుగో ముద్ద మాత్రం ఎక్కడా లేదు.

"సూరీ, నువ్వు రెండుసార్లు చెయ్యి చాపావా?"

"లేదమ్మా," అన్నాడు వాడు.

నిద్ర మత్తులో పొరబడ్డాననుకుంది మంగతాయారు.

రెండో రోజు సాయంత్రం వేడినీళ్ళు తెచ్చి, గుమ్మం దగ్గర పిల్లలకి కాళ్ళు కడిగింది. వల్లి కాళ్ళు కడిగింది. సూరి కాళ్ళు కడిగింది. ఆ తర్వాత రెండు చిట్టి కాళ్ళు. ఆ తర్వాత ఇంకో రెండు చిట్టి కాళ్ళు. ఆ ఆఖరి కాళ్ళ మీద ఎన్ని నీళ్ళు పోసినా వెచ్చబడలేదు. గబుక్కున తలెత్తి చూసింది. ముగ్గురే.

ఆఖరు పిల్లని దగ్గరికి లాక్కుని, "ఏమే..." అని ఆగిపోయింది. దాని పేరు నోటికి రాలేదు. కన్న పిల్ల పేరు! ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

"తులసే అమ్మా," అని వల్లి పకపకా నవ్వింది.

మంగతాయారుకి నవ్వు రాలేదు. పడుకునేదాకా తులసీ తులసీ అని గొణుక్కుంటూనే ఉంది.

మూడో రోజు మధ్యాహ్నమే పిల్లలకి గట్టిగా చెప్పింది. "ఇవాళ గుమ్మం దాటితే కాళ్ళు విరగ్గొడతాను." చెప్పడమైతే చెప్పింది గానీ, పొయ్యిలోకి పుల్లలు తెచ్చుకునేలోపే ముగ్గురూ వీధిలోకి తుర్రుమన్నారు. ఆ రోజు మంచు పొద్దు వాలకముందే వచ్చేసింది. ఎదురింటి గోడ కూడా కనబడడం లేదు.

"వల్లీ!" అని పిలిచింది. వల్లి వచ్చింది.

"సూరీ!" అని పిలిచింది. సూరి వచ్చాడు.

మూడో పేరు కోసం నోరు తెరిచింది. ఏమీ లేదు. ఖాళీ. పిలవకుండానే ఒక పిల్ల లోపలికి వచ్చింది. తులసి వేసుకున్న పచ్చ గౌనే. నేరుగా వచ్చి ఒళ్ళో కూర్చుంది. తడిసిన గడ్డి వాసన వేస్తోంది. ఒళ్ళంతా మంచుగడ్డ.

"అమ్మా, ముద్ద పెట్టవా?" అంది.

అప్పుడే దూరంగా, కాలవ వైపు నుంచి, ఒక పసిపిల్ల వెక్కివెక్కి ఏడుస్తున్న చప్పుడు వినిపించింది.

"వల్లీ, బయట ఎవరే?"

"ఎవరూ లేరు కదమ్మా. ముగ్గురం వచ్చేశాంగా," అంది వల్లి.

మంగతాయారు ఒళ్ళోని పిల్లని దించి పెరట్లోకి పరిగెత్తింది. తెల్లగా, గోడ కట్టినట్టు మంచు. నాలుగడుగులు వేస్తే కాలవ గట్టు ఎక్కడుందో తెలియడం లేదు. ఏడుపు ఒకసారి కుడి వైపు, ఒకసారి ఎడమ వైపు. ఏమని పిలవాలి? "పాపా!" అని అరిచింది. వెనక గుమ్మంలోంచి పచ్చ గౌను పిల్ల "ఊఁ" అని పలికింది.

చీపురు తీసుకుని తరిమేద్దామా అనుకుంది మంగతాయారు. అనుకుంది గానీ, గుమ్మంలో నిలబడి వణికిపోతున్న ఆ పిల్లని చూస్తే చెయ్యి రాలేదు. వెనక్కి వచ్చి దాని ముందు కూలబడింది.

"నీ పేరేంటమ్మా?"

"నాకు పెట్టలేదుగా," అంది ఆ పిల్ల. "మీరందరూ వాళ్ళనే పిలుస్తారు. నన్నెవరూ పిలవలేదు."

మంగతాయారు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. వల్లి కన్నా ముందు, పెళ్ళయిన కొత్తల్లో, ఆవిడకి ఒక ఆడపిల్ల పుట్టింది. ఇలాంటి ఆశ్వయుజంలోనే, పున్నమి నాడు. పదకొండో రోజున బారసాల చేద్దామనుకున్నారు. తొమ్మిదో రోజున పిల్ల పోయింది. కాలవ అవతల గట్టున పెట్టి వచ్చారు. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తడానికి ఒక పేరైనా లేదు.

అప్పుడు మంగతాయారు లేచింది. పళ్ళెంలో బియ్యం పోసి, చేత్తో సర్ది, వేలితో ఒక పేరు రాసింది. ఆ పిల్లని ఒళ్ళోకి తీసుకుని చెవిలో మూడుసార్లు చెప్పింది.

"పున్నమ్మా. పున్నమ్మా. పున్నమ్మా."

పిల్ల మొదటిసారి నవ్వింది.

"చెల్లెలు బయట ఏడుస్తోంది పున్నమ్మా," అంది మంగతాయారు. "దానికి దారి తెలీదమ్మా."

పున్నమ్మ తల్లి బుగ్గ ఒకసారి తడిమింది. ఆ తర్వాత లేచి మంచులోకి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ క్షణంలోనే మంగతాయారు నోట్లోకి పేరు వచ్చి పడింది. "తులసీ! తులసీ!" అని ఊరంతా వినబడేలా అరిచింది. బురద కాళ్ళతో, పచ్చ గౌనుతో, తులసి పరిగెత్తుకొచ్చి తల్లి మెడ వాటేసుకుంది. దాని ఒళ్ళు వెచ్చగా ఉంది.

"ఎలా వచ్చావే తల్లీ?"

"అక్క చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది."

"వల్లి ఇక్కడే ఉందిగా."

"వల్లక్క కాదు," అంది తులసి. "వల్లక్క కంటే పొడుగు."

మర్నాడు వీరాస్వామి సంత నుంచి వచ్చాడు. మంగతాయారు పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పింది. ఆయన మగ్గం మీద చెయ్యి వేసి చివరిదాకా విన్నాడు. కలగన్నావనలేదు, పిచ్చిదానా అనలేదు.

"ఏం పేరు పెట్టావు?" అని మాత్రం అడిగాడు.

"పున్నమ్మ."

"పున్నమ్మ," అన్నాడు. ఇంకోసారి మెల్లగా అన్నాడు. "మా అమ్మ ఉంటే అదే పెట్టేది." ఆ మాట అని, తలగుడ్డ అంచుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

కథ కంచి బండెక్కింది,
కునుకు మన మంచమెక్కింది.
నీ పేరు నే పిలిచాను,
నిద్దరోవే, నేనున్నాను.