దొంగతనాలు లేని రాజ్యం

కాటయ్య తన మేక పోయిందని ఫిర్యాదు చేయబోతే, కొత్వాలు గండప్ప అతణ్ణే కట్టేసి, "నా మేకను నేనే దొంగిలించాను" అనేదాకా చావబాదాడు. తెల్లారితే చేయి నరుకుతారని తెలిసి, అతని భార్య నాంచారి రాజుగారి దగ్గర మొరపెట్టుకుంది.

"గండప్ప పద్ధతి మొరటేనమ్మా," అన్నాడు రాజు. "కానీ అతను వచ్చాక, నీ మొగుడిది తప్ప ఏడాదిగా ఒక్క ఫిర్యాదూ లేదు. ఊరంతా చల్లగా ఉండడానికి ఒకడు నాలుగు దెబ్బలు తింటే తప్పా?"

నాంచారి దండం పెట్టి బయటికి నడిచింది.

కాసేపటికి సభ చాలించి రాజు గుమ్మం దాటబోతే ముత్యాల చెప్పులు కనబడలేదు. ద్వారపాలకులిద్దరూ పైకప్పు చూస్తున్నారు. ఎదురుగా నాంచారి ఆ చెప్పులే తొడుక్కుని నిలబడి ఉంది.

"ఒరేయ్, మీరు చూడలేదట్రా?"

"చూశాం ప్రభూ. అరిస్తే గండప్పగారు ముందు మమ్మల్నే కట్టేస్తారని..."

"దొంగలు తగ్గలేదు మారాజా," అంది నాంచారి, చెప్పులు విడుస్తూ. "పోయిందని చెప్పే నోళ్లే తగ్గాయి."

రాజు అప్పటికప్పుడే గండప్పను కొలువులోంచి తీసేసి, కాటయ్యను విడిపించాడు. మర్నాడు కొత్త కొత్వాలు కచేరీ తలుపు తీసేసరికి, ఫిర్యాదులు చెప్పుకునే జనం వీధి చివరిదాకా బారులు తీరి ఉన్నారు. అందరికంటే ముందు పట్టపురాణి నిలబడి ఉంది.