గౌరినాయుడు ఇచ్చేసిన క్వారీ

పరదేశయ్య గురువుగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు వచ్చేది కాదు. ముందు చేతికి ఏదో ఒక పని వచ్చేది. ఆ రోజు గౌరినాయుడి ముందుకు మునగాకు మోపు వచ్చింది. ఆకు దూస్తూనే అతను ఒక కాగితం తీసి గురువుగారికి అందించాడు.

గౌరినాయుడు పద్నాలుగేళ్ళు కొండ వెనక రాళ్ళ క్వారీ నడిపాడు. భార్య పోయాక దాని మీద మనసు విరిగింది. యంత్రాలు అమ్మేశాడు. పర్యావరణ అనుమతి తిరిగి ఇచ్చేస్తున్నానని ఆఫీసుకు రాసి, దీక్ష తీసుకోవాలని ఆశ్రమానికి వచ్చేశాడు. మూడు నెలలకు వచ్చిన జవాబే ఆ కాగితం. అనుమతి రద్దు చేశారట. అయితే గొయ్యి చుట్టూ కంచె వేయడం, అంచున మొక్కలు నాటి ఐదేళ్ళు సాకడం ఇంకా అతని బాధ్యతేనట.

"నాకొద్దని ఇచ్చేశాక కూడా అది నాదెలా అవుతుంది స్వామీ?" అన్నాడు. గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువ.

గురువుగారు కాగితం ఆసాంతం చదివి, మడిచి అతని చేతిలో పెట్టారు. "ఆ ముదురాకు ఏరెయ్యి నాయనా, చేదొస్తుంది" అని మాత్రం అన్నారు.

అంతలో మేకలు కాసే నూకాలు రొప్పుతూ వచ్చింది. ఆమె చూడి మేక క్వారీ గోతిలోకి జారిపోయిందట. "తాడుంటే ఇయ్యండి బాబూ, నాను దిగుతాను" అంది.

గురువుగారు బావి దగ్గరి తాడు తెచ్చి గౌరినాయుడి భుజాన వేశారు. ముగ్గురూ కొండ చుట్టి వెళ్ళారు.

మేక చాలా కింద, నీళ్ళకు జానెడు పైన, రాతి అంచు మీద నిలబడి వణుకుతోంది. నూకాలు కుచ్చెళ్ళు దోపుకుని అప్పటికే ఒక కాలు కిందికి పెట్టింది. గౌరినాయుడు ఆమె రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు.

"అటు కాదు అప్పా! ఆ పొర మందు పేల్చినప్పుడే బీటలిచ్చింది. కాలు వేస్తే ఊడొస్తుంది."

తాడు తుమ్మచెట్టుకు కట్టి తనే దిగాడు. ఏ రాయి గట్టిదో, ఏది బోలుదో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మేకను మెడ మీద వేసుకుని పైకి వచ్చేసరికి మోకాళ్ళు గీరుకుపోయి నెత్తురు కారుతోంది.

నూకాలు మేక పొట్ట తడిమి చూసి, నవ్వుతూ ఏడ్చింది. తర్వాత తన చెంగుతో అతని మోకాళ్ళు తుడిచింది. "పోయిన నెల్లో ఒకటి ఇలాగే పోనాది బాబూ. మా మనవరాలు ఈ అంచెంబడే నడిసి బడికెళ్తాది. నాకదే బెంగ."

"మరి నాకొక్క మాట చెప్పలేదేం?"

"నువ్వు ఒదిలీసినావు కదా!" అంది నూకాలు. ఆ మాటలో నిష్ఠూరం ఏమీ లేదు. "ఇంకెవుల్ని అడుగుతాం బాబూ?"

ఆమె మేకను తోలుకుని వెళ్ళిపోయాక కూడా గౌరినాయుడు చాలాసేపు ఆ అంచునే కూర్చుండిపోయాడు. గురువుగారు పక్కనే కూర్చున్నారు. ఎండెక్కుతున్నా లెమ్మనలేదు.

మర్నాడు పొద్దున్నే అతను బట్టలు మూట కట్టుకుని వచ్చి గురువుగారి కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

"సెలవివ్వండి స్వామీ. గోతి గట్టునే పాక వేసుకుంటాను. దీక్ష సంగతి..."

గురువుగారు వంగి, అతని మోకాలి కట్టు వదులైతే బిగించి కట్టారు.

"కంచె కట్టేటప్పుడు చెప్పులు వేసుకో నాయనా, ముళ్ళుంటాయి. మొదటి మొక్క నాటే రోజు కబురు పెట్టు. దీక్ష ఇవ్వడానికి నేనే అక్కడికి వస్తాను."